వెండి వేపరెమ్మ: టంకం వేయడం నేర్చుకున్న నా అనుభవం

ఆషాఢం కాబట్టే వెండి పని నేర్పడానికి ఆచారి గారు నాకు దొరికారు. ఆ నెలలో పెళ్ళిళ్ళు ఉండవు, ఆర్డర్లు పల్చబడతాయి, సికింద్రాబాద్ పాట్ మార్కెట్ చుట్టుపక్కల కార్ఖానాల్లో పనిచేసే బెంగాలీ కుర్రాళ్ళు చాలామంది ఊళ్ళకు వెళ్ళిపోతారు. అదే శ్రావణంలో వెళ్ళి ఉంటే గడప దగ్గరే పంపించేసేవారు. వెండి పని కొట్టులో కూర్చుని నేర్చుకుందామనుకునేవాళ్ళు ముందు పంచాంగం చూసుకుని బయల్దేరండి.

నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. బోనానికి కట్టే వేపరెమ్మ లాంటి లాకెట్ ఒకటి వెండిలో చేసుకోవాలని ఎన్నాళ్ళుగానో కోరిక. షాపుల్లో దొరికే ఆకుల నగలు ఎక్కువగా పోత పోసినవే. పది ఆకులుంటే పదీ ఒకే అచ్చు, ప్రతి ఆకుకీ రెండు సగాలూ సమానం. వేపాకు అలా ఉండదు. రెమ్మ మీది ఒక్కో చిన్న ఆకూ మొదట్లో ఒకవైపు కిందికి దిగి, ఇంకోవైపు పైనే ఆగిపోయి, వంకరగా మొదలవుతుంది. అక్కణ్ణుంచి కొడవలిలా ఒంగుతుంది. అంచుకు రంపపు పళ్ళు. ఆ వంకర లేకపోతే అది వేపాకే కాదని నా పట్టుదల. ఆచారి గారేమో మొదటి రోజే కాగితం మీద గీసిన బొమ్మ చూసి, "గిది సక్కగ లేదమ్మా, సరిచేస్త" అన్నారు. ఈ వాదన మా మధ్య ఆఖరిదాకా నడిచింది.

2025 జూన్ 28, శనివారం మధ్యాహ్నం మొదలుపెట్టాం. ఆయనకు అరవై దాటాయి. "నాకు చెప్పుడు రాదు, చూసి నేర్చుకో" అని ముందే అనేశారు. నెలకు ఆరు వేలు, శని ఆదివారాలు రెండేసి గంటలు, వెండి నాది, గ్యాసు ఆయనది, రాలిన రజను నాది. ఆ చివరి షరతు ఆయన పెట్టిందే. రజను ఎవరిదో ముందు తేల్చుకోకపోతే తర్వాత మాటలు పడాల్సి వస్తుందట.

నేను రేకు కొనుక్కుని వెళదామనుకున్నాను. ఆయన వద్దన్నారు. 37 గ్రాముల మేలిమి వెండి తెమ్మన్నారు. జీఎస్టీ 3 శాతం కలుపుకుని నాలుగున్నర వేలు అయింది, అప్పటికి గ్రాము ఇంకా నూట ఇరవై లోపే. దానికి 3 గ్రాముల రాగి, అదీ పాత కరెంటు వైరు తొడుగు వలిచి తీసింది. మొత్తం 40 గ్రాములు, అంటే సరిగ్గా 925 వెండి (వెయ్యి పాళ్ళలో 925 మేలిమి). మూసలో కరిగించి, చిటికెడు వెలిగారం (బోరాక్స్) చల్లి, అచ్చులో పోసి, కడ్డీని రోలర్ మిషన్‌లో నాలుగైదు సార్లు నొక్కడం, గట్టిపడగానే మళ్ళీ ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచడం. సగం వెండి 0.6 మిల్లీమీటర్ల రేకు అయింది. మిగతాది కమ్మచ్చు అనే ఇనుప పలక చిల్లుల్లోంచి లాగి తీగ చేశాం. లాగడం నాతోనే చేయించారు. మర్నాడు కాలేజీలో బోర్డు మీద రాయడానికి చెయ్యి లేవలేదు.

రేకు మీద ఆకు ఈనెలు పడటానికి ఒక సులువుంది. కాల్చి మెత్తబరిచిన రేకు మీద నిజం ఆకు పెట్టి, పైన ఇంకో లోహపు రేకు వేసి, రోలర్‌లో గట్టిగా ఒక్కసారి నొక్కితే చాలు. పచ్చి ఆకైతే నలిగి రసం కారి మరకే మిగులుతుంది. పుస్తకంలో పెట్టి ఎండబెట్టిన ఆకు పిల్ల ఈనెలతో సహా అచ్చు దిగుతుంది. హెర్బేరియం షీట్లు చేసే అలవాటు ఇక్కడ పనికొచ్చింది. ఆచారి గారు ఆ రేకును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, మాట్లాడకుండా కొట్టులో పనిచేసే కుర్రాడికి చూపించారు. మెచ్చుకున్నట్టే లెక్క.

తర్వాత రెండు వారాలు మంట అనే మాటే లేదు. రంపంతో ఆకులు కోయడం, ఆకురాయితో అంచులు తీయడం, అంతే. రంపం బ్లేడు వెంట్రుకంత సన్నం, కాస్త పక్కకు ఒరిగితే టప్పున తెగుతుంది. డజను నూట యాభైకి కొన్న బ్లేడ్లు మొదటి వారంలోనే అయిపోయాయి. నాకు లోపల విసుగు. టంకం నేర్చుకోవడానికొస్తే ఈ రాకుడేమిటని. దాని జవాబు ఒక సాయంత్రం దొరికింది. ఆకునూ కాడనూ అతికే చోట కలిపి పట్టుకుని బల్బుకు ఎదురుగా పెట్టమన్నారు. సన్నటి వెలుతురు గీత కనిపించింది. "ఎలుగు కనవడ్తే టంకం పట్టది" అన్నారు.

అప్పటిదాకా టంకం అంటే సందులో నింపే లప్పం లాంటిదనుకున్నాను. కాదు. కరిగిన టంకం రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకుతున్న చోటికి తనంతట తానే పాకుతుంది. కనపడీ కనపడని సందైతే లోపలికి గుంజుకుంటుంది. సందు పెద్దదైతే రెండు గట్లకీ విడివిడిగా అంటుకుని మధ్యలో ఖాళీ వదిలేస్తుంది. అప్పుడు ఎంత టంకం పోసినా దండగే. కాబట్టి అతుకు మంట దగ్గర పడదు, ఆకురాయి దగ్గరే పడుతుంది. ఇంటర్నెట్‌లో చూసే వీడియోల్లో ఈ భాగాన్ని పది సెకన్లలో తిప్పేస్తారు.

జూలై 13న ఉజ్జయిని మహంకాళి బోనాలు. గుడి ఆ పక్కనే కాబట్టి ఆ ఆదివారం, సోమవారం రంగం రోజూ అటు రావద్దన్నారు. దారులన్నీ మళ్ళిస్తారు, కొట్లు మూసేస్తారు. నేను మాత్రం ఆదివారం పొద్దున్నే వెళ్ళాను, పని కోసం కాదు. బోనాల మీద కట్టిన వేపమండలు తలల మీద ఊగుతుంటే కాడ దగ్గర అవి ఎలా వాలుతున్నాయో ఫోటోలు తీసుకున్నాను. రెమ్మ చివరి ఆకులు బల్లపరుపుగా ఉండవు, కాస్త మెలితిరిగి ఉంటాయి. ఆ మెలిక వెండిలో ఎప్పుడు తిప్పాలి, అతకడానికి ముందా, తర్వాతా అన్నది మాకు పెద్ద చర్చ అయింది. తర్వాతే అని తేలింది. ముందే తిప్పితే కాడ తాకే చోట సందు మళ్ళీ తెరుచుకుంటుంది.

మంట ముట్టుకున్నది జూలై 19న. ఆ రోజు జరిగింది కాస్త వివరంగా రాస్తాను, నేర్చుకునేవాళ్ళు అందరూ తడబడే చోటు అదే.

ముందు శుభ్రం. అతికే రెండు ముఖాలూ ఎమిరీ కాగితంతో గీకి, ఆ తర్వాత వేలు తగలకూడదు. వేలి జిడ్డు ఉన్నచోటికి టంకం రాదు. పలక ముక్క మీద నాలుగు చుక్కల నీళ్ళు వేసి వెలిగారం గడ్డను అరగదీస్తే పాల లాంటి ముద్ద వస్తుంది. దాన్ని సన్న కుంచెతో అతుకు చుట్టూ పూయాలి. వెండిలోని రాగి వేడికి గాలి తగిలి నల్లబడకుండా కాపాడేది అదే. టంకం రేకును కత్తెరతో ముందు సన్న చీలికలుగా, తర్వాత అడ్డంగా, ఆవగింజ కన్నా చిన్న పలుకులుగా కోసి శ్రావణంతో (సన్న పటకారుతో) ఒక్కొక్కటే పెట్టాలి.

ఇక మంట తగిలించగానే మొదట జరిగేది అందరికీ ఒకటే. వెలిగారంలోని నీరు ఆవిరై అది బుస్సున పొంగుతుంది, పలుకులు ఎగిరి ఎక్కడెక్కడో పడతాయి. కుర్రాడు నవ్వాడు. మందు ఏమిటంటే, పలుకులు పెట్టకుండానే మంటను దూరంనుంచి చూపిస్తూ వెలిగారాన్ని ముందు పొంగనిచ్చి, అది అణిగి తెల్లటి పొరలా అంటుకున్నాక పలుకులు పెట్టడం. లేదంటే సైకిల్ పుల్ల మొనతో, ఎగిరిన పలుకును వేడి మీదే వెనక్కి తోయడం. ఆచారి గారి చేతిలో ఆ పాత సైకిల్ పుల్ల ఎప్పుడూ ఉంటుంది. అప్పట్లో ఆన్‌లైన్‌లో టైటానియం పుల్లలు ఎనిమిది వందలకు అమ్మేవారు. నేను సైకిల్ షాపులో పది రూపాయలకు తెచ్చుకున్నాను.

తర్వాత లైటు ఆపేశారు. వేడిని కంటితో కొలవాలంటే చీకటి కావాలి. ఆయన మంట ఈల వేసే నీలం మంట కాదు, మెత్తగా, పొద లాగా విచ్చుకున్న మంట. ఒక్కచోట ఆపకుండా ఆకు మొత్తం చుట్టూ తిప్పుతున్నారు. నేనేమో మంటను సరిగ్గా పలుకు మీదికే తీసుకుపోబోతుంటే మణికట్టు పట్టుకుని పక్కకు జరిపారు: "దాని మీద గాదమ్మా. వెండిని కాల్చు. వెండి కాలితే టంకం తానే వస్తది." వెండి ముందు బూడిద రంగు, తర్వాత చీకట్లో మాత్రమే కనిపించే ముదురు ఎరుపు. వెలిగారం గాజులా నిగనిగలాడింది. ఒక్క క్షణం ఏమీ లేదు. మరుక్షణం పలుకు అంచులు గుండ్రబడి, కూలి, మెరుపు గీతలా ఆకు మొదలు నుంచి కాడ వెంట పరుగెత్తింది. "తియ్, తియ్!" మంట తీసేశాను. గుండె దడదడ. నాలుగు గంటల రాకుడుకూ తోముడుకూ ఒక నిమిషం కూడా పట్టని మంట.

ఆ "తియ్" అనే కేకకు లెక్క ఇది. 925 వెండి సుమారు 800 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలుపెడుతుంది, 890 దాటితే పూర్తిగా నీరే. గట్టి టంకం కరిగేది 745 దాపుల్లో. అంటే అతుకు పడటానికీ నగ కూలిపోవడానికీ మధ్య ఉన్నది యాభై అరవై డిగ్రీలు. మంట దగ్గర అది రెండు మూడు సెకన్లు. తీగ రేకు కన్నా ముందే వేడెక్కుతుంది కాబట్టి, నడి ఈనె తీగను ఆకు రేకు మీద అతికేటప్పుడు మంట పైనుంచి పెట్టకూడదు. ఇనుప జాలీ మీద ఆకును పెట్టి కిందినుంచి కాల్చాలి. పైనుంచి కాల్చిన ఒక ఆకుకు నడి ఈనె చివర ముడుచుకుపోయి చిన్న గోళీ అయింది. ఆచారి గారు దాన్ని పారేయనివ్వలేదు, "పండ్లకు పనికొస్తది" అని పక్కన పెట్టించారు.

అవును, రెమ్మకు వేపపండ్లు కూడా కావాలి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా సంతోషం ఇచ్చింది అదే. బొగ్గు ముక్క మీద చిన్న గుంట చేసి, తీగ తునక ఒకటి పెట్టి మంట చూపిస్తే చాలు. ముందు ఎర్రబడుతుంది, అంచులు లోపలికి ముడుచుకుంటాయి, ఉన్నట్టుండి గుండ్రటి బొట్టై తన చుట్టూ తాను గిరగిరా తిరుగుతుంది. మంట తీయగానే మెరుపు ఆగి గుండు అవుతుంది. ఒకే కొలతకు కోసిన తునకలైతే గుండ్లు కూడా ఒకే పరిమాణంలో వస్తాయి. వేపపండు కోలగా ఉంటుంది కాబట్టి దాగలి మీద పెట్టి సుత్తితో అటో దెబ్బ ఇటో దెబ్బ. నేను వదిలితే సాయంత్రందాకా అవే చేస్తూ కూర్చునేదాన్ని.

పండ్లను కాడ మీద నిలబెట్టడానికి ఆయన గురిగింజ అరగదీశారు. ఎర్ర గింజను రాయి మీద నీళ్ళతో రుద్దితే జిగురు వస్తుంది. దాంతో గుండును అంటించి ఆరనిస్తే మంట ఊపుకు దొర్లదు. జిగురు కాలిపోయేలోపు టంకం పట్టేస్తుంది. గురిగింజ లోపలి పప్పు గట్టి విషం. అరగదీసిన రాయిని ఆయన వేరుగా పెట్టి, చేతులు రెండుసార్లు కడిగించారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే దీని జోలికి పోకండి, మైదా లాంటి ముద్ద కూడా తాత్కాలికంగా పట్టి ఉంచుతుంది కానీ వేడికి పొంగి గుండును ఎత్తేస్తుంది.

జూలై 25న శ్రావణం మొదలైంది. ఆ శనివారం నేను వెళ్ళేసరికి నా పీట మీద పట్టీల కట్టలున్నాయి. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 8న. అమ్మవారి ముఖాలు, కాసులు, పట్టీలు, అందరికీ అప్పటికే కావాలి. "పున్నం పోయినంక రా" అన్నారు. పున్నమి పోయాక వెళితే పెళ్ళిళ్ళ పని మొదలైంది. మొత్తానికి దాదాపు నెల రోజులు నేను ఇంట్లోనే చేసుకోవాల్సి వచ్చింది. ఫీజు మాత్రం ఆ నెలకు తీసుకోలేదు, అది చెప్పాలి.

మల్కాజిగిరిలో మా ఇంటి వెనక వరండాలో సరంజామా పెట్టాను. బ్యూటేన్ టార్చి పన్నెండు వందలు, గ్యాసు డబ్బా ఒక్కోటి రెండు వందల చిల్లర, రాణీగంజ్‌లో నాలుగు ఫైర్ ఇటుకలు, గట్టి బొగ్గు. మా అత్తగారు రెండు రోజులు వంటింటి తలుపు మూసుకునే ఉన్నారు. కాటన్ చీర, జుట్టు ముడి, చున్నీ లాంటివి ఏవీ వేలాడకూడదు, పక్కన బకెట్టు నీళ్ళు. వాన చినుకుల గాలికి మంట నిలవదు. ఫ్యాను వేయకూడదు, అయినా పొగ బయటికి పోవాలి. ఈ రెండూ ఒకచోట కుదిరేది వరండా మూలే.

ఇంట్లో ఎదురైన అసలు సమస్య టార్చి. ఒక్క ఆకుకైతే సరిపోతుంది. ఆరు ఆకులు అతికిన రెమ్మకైతే ఎంతసేపు కాల్చినా ఎరుపు రాదు. వెండి అంత త్వరగా వేడిని పక్కలకు పంచేసే లోహం ఇంకోటి లేదు. ఇటు కాలుస్తుంటే అటు చల్లారుతుంది, ఈలోగా వెలిగారం అయిపోయి వెండి నల్లబడుతుంది. ఫోన్ చేసి అడిగితే ఆచారి గారు ఒకే మాట చెప్పారు: "ఇల్లు కట్టు." అంటే మూడు వైపులా ఇటుకలు నిలబెట్టి, కింద బొగ్గు వేసి, ఆ గూట్లో నగ పెట్టడం. కొట్టిన వేడి గోడలకు తగిలి వెనక్కి వస్తుంది. ఆగస్టు 15 సెలవు రోజున అలా పెట్టి చూస్తే అదే టార్చితో నిమిషంన్నరలో ఎరుపు తేలింది.

టంకం సంగతి వేరే కథ. కొట్టులో టంకం వాళ్ళే చేసుకుంటారు. మూడు పాళ్ళ వెండికి ఒక పాలు ఇత్తడి వేస్తే గట్టిది, రెండు పాళ్ళకు ఒక పాలైతే ఇంకాస్త తక్కువ వేడికి కరిగేది. ఇత్తడిలోని జింకు మహత్యం అది. ఒకే నగకు అనేక అతుకులు ఉన్నప్పుడు ముందు గట్టి టంకం, తర్వాత మధ్యరకం, చివర మెత్తది. లేకపోతే కొత్త అతుకు పడేసరికి పాతది ఊడుతుంది. నా రెమ్మకు ఈనెలు గట్టిదానితో, ఆకులు కాడకు మధ్యరకంతో, పండ్లు మెత్తదానితో అని లెక్క వేసుకున్నాం. ఒక్కో అతుకును మళ్ళీ కాల్చాల్సి వస్తే దాని మీద కావి మట్టి నీళ్ళలో కలిపి పూస్తే అక్కడికి టంకం పారదు. ఇంకో సంగతి, ఒకసారి కరిగి గట్టిపడ్డ టంకంలోంచి కొంత జింకు పోతుంది కాబట్టి రెండోసారి అది కాస్త ఎక్కువ వేడికి గానీ కరగదు. కొంత ధైర్యం దానివల్లే.

ఇంట్లో పనికి నేను ఆన్‌లైన్‌లో మూడు రకాల టంకం తీగ తెప్పించాను. మూడు చుట్టలూ వచ్చాయి, మూడింటి మీదా ఒకే స్టిక్కరు. చూడటానికి ఒకటే రంగు, ఒకటే లావు. మెయిల్ పెడితే వారం తర్వాత "చెక్ చేస్తున్నాం" అని జవాబు, ఆ తర్వాత అదీ లేదు. చివరికి రాగి పట్టీ మీద మూడింటి ముక్కలూ వరసగా పెట్టి, వెలిగారం పూసి, కిందినుంచి సమానంగా కాల్చాను. ముందు కరిగింది మెత్తది, ఆఖరున కరిగింది గట్టిది. చుట్టల చివర్లు వంచి గుర్తు పెట్టుకున్నాను: గట్టిదానికి ఒక మడత, మధ్యరకానికి రెండు, మెత్తదానికి మూడు. సరైన స్టిక్కరున్నా ఇదొకసారి చేసుకోండి.

కొనేటప్పుడు కాడ్మియం లేనిదే అడగండి. బంగారు నగల్లో కేడీఎం అనే మాట విని ఉంటారు, ఆ కేడీఎం అంటే కాడ్మియమే. అది 767 డిగ్రీలకే ఆవిరవుతుంది, అంటే మనం టంకం వేసే వేడిలోనే పొగై ముక్కులోకి వస్తుంది. ఊపిరితిత్తులకూ మూత్రపిండాలకూ మంచిది కాదు, క్యాన్సర్ కారకం కూడా. ఆచారి గారు దాన్ని ఎప్పుడో మానేశారు. ఎందుకని అడిగితే, వాళ్ళ అన్న దగ్గు గురించి ఒక వాక్యం చెప్పి, పనిలో పడిపోయారు. నేను మళ్ళీ అడగలేదు.

అతుకు పడ్డాక నగ నల్లగా, గాజు పెంకులతో అసహ్యంగా ఉంటుంది. కొట్టులో పల్చటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేడి చేస్తారు. ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి కానీ నీళ్ళను ఆమ్లంలో కాదు, ఇది మా ల్యాబ్‌లో కూడా గోడ మీద రాసి ఉంటుంది. ఇంట్లో నేను పటిక కరిగించిన వేడినీళ్ళు వాడాను. పావుగంట అరగంట పడుతుంది కానీ పని అవుతుంది. నిమ్మ ఉప్పు కూడా పనిచేస్తుంది. ఇనుము మాత్రం అందులో పడకూడదు. ఆకులు కదలకుండా చుట్టిన సన్న ఇనుప కట్టుతీగను విప్పకుండానే కుర్రాడు ఒకసారి ఎవరివో పట్టీలను ఆమ్లంలో వేశాడు. అయిదు నిమిషాల్లో పట్టీలన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. పాత ఆమ్లంలో కరిగి ఉన్న రాగి అంతా వచ్చి వెండి మీద పూత పడింది. అందుకే తీయడానికి రాగి పటకారో చెక్క చెంచానో.

ఆగస్టు 30, వినాయక చవితి వెళ్ళిన శనివారం, మళ్ళీ నా పీట నాకు దొరికింది. ఆ రోజు ఆకులన్నీ కాడకు చేర్చి, పండ్లు కూడా అతికేశాం. ఆచారి గారు టార్చి పక్కన పెట్టి ఊదుగొట్టం తీశారు. బుగ్గలు నిండా పెట్టుకుని, ముక్కుతో గాలి తీసుకుంటూనే నోటితో ఆగకుండా ఊదుతారు. మంట నాలిక సూదిలా పండు కిందికి దూరింది, పక్క ఆకుకు వేడి తగల్లేదు. నేను అలా ఊదబోతే పావు నిమిషానికి కళ్ళు బైర్లు కమ్మాయి. వాళ్ళ అమ్మమ్మగారిది కరీంనగర్ వైపు. అక్కడి వెండి జాలీ పనిలో తీగలు ఎంత సన్నమంటే పలుకులు పెట్టడం కుదరదని, టంకాన్ని పొడిగా రాకి, వెలిగారంతో కలిపి మీద చల్లుతారని చెబుతూ చేసి చూపించారు. నా రెమ్మలో మూడు చిన్న పండ్లకు ఆ పొడే వాడాం.

మర్నాడే ముగిసిపోతుందనుకున్నాను. కాలేదు. ఆదివారం ఆయనకు ఊళ్ళో శుభకార్యం. సెప్టెంబరు 6న నిమజ్జనం, ట్యాంక్‌బండ్ వైపు దారులన్నీ బంద్. 7న చంద్రగ్రహణం, మధ్యాహ్నానికే కొట్టు కట్టేశారు. ఇలా మిగిలిపోయిన పని సెప్టెంబరు 13 దాకా వెళ్ళింది. ఆ రెండు వారాలూ లాకెట్ కొట్టు బీరువాలో ఉంది. వెండి రేటు రోజూ పెరుగుతుంటే, అమ్మే ఉద్దేశం లేకపోయినా, ఎందుకో నేను రోజూ రేటు చూసేదాన్ని. గ్రాము నూట నలభై దాటింది.

మెరుగు పెట్టడం కుంకుడు రసంలో ఇత్తడి బ్రష్షుతో. మెరుపు వచ్చేకొద్దీ రెండు ఆకుల మీద ఊదా బూడిద మచ్చలు తేలాయి. కాల్చినప్పుడల్లా వెండి లోపలి రాగి కాలి పడే మచ్చలవి. ఎమిరీతో గీకితే ఈనెల అచ్చు పోతుంది. కాబట్టి వదిలేశాను. వేపాకు ముదిరితే మచ్చలు రావా ఏంటి. ముందే వద్దనుకునేవాళ్ళు బోరిక్ పొడిని స్పిరిట్‌లో కలిపి నగను ముంచి, దూరంగా పెట్టి ఆ స్పిరిట్ వెలిగించి ఆర్పేశాక టంకం మొదలుపెట్టాలి. సీసాను అక్కణ్ణుంచి ముందే తీసేయాలి.

పక్క సందులో టంచ్, అంటే లోహం స్వచ్ఛత, చూసే మిషన్ ఉంది. సరదాకి చూపించాను. ఆకు మధ్యలో 93 దాటి చూపించింది, మేం కలిపింది 92.5 అయితే! అతుకు దగ్గర 88. రెండూ నిజమే. మాటిమాటికీ కాల్చి ఆమ్లంలో వేయడంతో పైపొరలోని రాగి కరిగిపోయి ఉపరితలంలో వెండి శాతం పెరుగుతుంది, ఆ మిషన్ చూసేది పైపొరనే. అతుకు దగ్గర ఇత్తడి కలిసిన టంకం ఉంది కాబట్టి తక్కువ. అమ్ముకునే ఉద్దేశం ఉన్నవాళ్ళు దీన్ని ముందే ఆలోచించుకోవాలి. అతుకులు ఎక్కువున్న నగకు టంకం బరువు కూడా కలిసి మొత్తం నాణ్యం దిగుతుంది. హాల్‌మార్క్ కావాలంటే బీఐఎస్‌లో (భారత ప్రమాణాల సంస్థలో) రిజిస్టరైన దుకాణదారు ద్వారానే పోవాలి. వెండికి 2025 సెప్టెంబరు 1 నుంచి హెచ్‌యూఐడీ నంబరు (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు) వచ్చింది కానీ అప్పటికి అది తప్పనిసరి కాదు.

ఖర్చు చెప్పమని ముగ్గురు అడిగారు. వెండి నాలుగున్నర వేలు, ఫీజులు పన్నెండు వేలు, టార్చి, ఇటుకలు, గ్యాసు, బ్లేడ్లు, టంకం అన్నీ కలిపి ఇంకో అయిదు వేల చిల్లర. లాకెట్ బరువు 17 గ్రాములు తేలింది. మిగిలిన రేకు, తీగ, రజను ఇంట్లో ఉన్నాయి. రజనులో టంకం పొడి కలవకుండా వేరే డబ్బాలో తీయండి, కలిస్తే కరిగించినప్పుడు పనికిరాని వెండి అవుతుంది.

చివరికి మిగిలింది పైన గొలుసు తగిలించే రింగు. దానికి మెత్త టంకం వేద్దామని అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆచారి గారు రెమ్మను అటూ ఇటూ తిప్పి, "ఒక్క రింగు కోసం గింత పనిని మళ్ల మంటల పెడ్తవా?" అని లేచారు. రెండు దుకాణాల అవతల లేజర్ మిషన్ ఉన్న కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళారు. టంకం లేదు, వెలిగారం లేదు, వేలితో పట్టుకుని ఉండగానే నాలుగు చుక్కలు కొట్టాడు, ఎనభై రూపాయలు. అదే మిషన్‌తో రెమ్మంతా అతికించుకోవచ్చు కదా అని అడిగాను. "అతకొచ్చు, గాని చుక్క చుక్కకు పైసలు. నీ రెమ్మకు ఎన్ని చుక్కలో లెక్కవెట్టుకో" అన్నారు. దారిలో, వచ్చే ఆషాఢానికి చింతాకు చేద్దామా అని అడిగితే, ఒక్కో కాడకు ఎన్ని చిన్నాకులు ఉంటాయని ఎదురడిగారు. పది నుంచి ఇరవై జతలు అన్నాను. ఇంకేం మాట్లాడలేదు.